చప్పుడు లేని కార్లు

ఫిబ్రవరి 8, ఆదివారం

బ్యాటరీ కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. నెల రోజులుగా షాపులో బెంచీ కాలు కింద ఎత్తుకి పెట్టి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి ఇంటికి తెచ్చాను. చెప్పినా ఎవరూ నమ్మనిది ఒకటి, ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి, రెండూ ఒక్కసారే నెత్తిన పడ్డాయి. నమ్మనిది ముందు రాస్తాను.

రేవులోకి ఒక ఓడ వచ్చింది. దాని నిండా కార్లే. మూడు వేల పైచిలుకట. అన్నీ జపాన్‌లో వాళ్లు వాడి వదిలేసినవి. కొన్నిటిని చిట్టగాంగులో దించి, కొలంబో మీదుగా ఆఫ్రికా పోతూంటే మన సముద్రంలో పైపు పగిలి అడుగు అంతస్తుల్లోకి నీళ్లు చేరాయి. వెల్డింగు చెయ్యాలంటే అక్కడున్న నాలుగు వందల కార్లు పైకి జరపాలి. వాటిలో సగానికి పైగా బ్యాటరీలు చచ్చి ఉన్నాయి.

ఓడ ఏజెంటు ఆఫీసులో సూపర్‌వైజరు సన్నీ కంచరపాలెంలో మా షాపు వెతుక్కుంటూ వచ్చాడు.

"సూరన్నా, పది పన్నెండు రోజుల పని. బేటరీ పెట్టి స్టార్ట్ సెయ్యాల, నడిపి పై డెక్కుకి ఎక్కించాల. ఇంజను సౌండు ఇని రోగం సెప్పీగలవని ఎవరినడిగినా నీ పేరే సెప్తన్నారు."

నిజమే. ముప్ఫై ఏళ్లుగా నన్ను అప్పలసూరి అని ఎవరూ పిలవరు, చెవి సూరి అంటారు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే షాపులో కూర్చుని ఏ ప్లగ్గు పోయిందో చెప్పేవాణ్ని. ఆ చెవి మీదే షాపు నడిచింది. అది లేకపోతే నా షాపుకీ పక్క షాపుకీ తేడా లేదు.

వస్తానన్నాను. మా బావమరిది దాలయ్యని కూడా తెస్తానన్నాను.

రెండోది రేపు రాస్తాను.

ఫిబ్రవరి 9

పోర్టు పాసు కావాలంటే మెడికల్ ఫిట్‌నెస్ ఉండాలి. ఇద్దరిద్దర్ని లోపలికి పిలిచారు. కళ్లు, బీపీ అయ్యాక డాక్టరు నా వెనక నిలబడి మెల్లగా అంకెలు చెప్పాడు. అవి నేను తిరిగి చెప్పాలి. ఎదురు బల్ల మీద కూర్చున్న దాలయ్య ఒళ్లో చేతులు పెట్టుకుని వేళ్లు చూపించాడు. ఏడు. మూడు. తొమ్మిది. అన్నీ సరిగ్గా చెప్పాను. ఫిట్ అని ముద్ర వేసి ఇచ్చారు.

బయటకొచ్చాక దాలయ్య అన్నాడు, "బావా, ఓసారి సెవుల డాక్టరు కాడికి ఎల్దాం."

"గదిలో ఫేను మోతరా. ఆ మోతలో ఎవుడికి ఇనబడతాది" అన్నాను.

ఫ్యాను మోత నిజంగానే ఎక్కువగా ఉంది. ఈమధ్య అందరూ నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నారు. ఇంట్లో టీవీకి కూడా స్పీకరు పోయినట్టుంది, ఎంత పెంచినా రాదు.

ఫిబ్రవరి 10

చూశాను.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. బయటినుంచి అది ఓడలా లేదు. కిటికీలు లేని పన్నెండంతస్తుల గోడ. వెనకాల ఒక తలుపు, అది దించితే మా వీధి మొత్తం దాని మీద పడుకోవచ్చు. మా ఓమ్ని వ్యాను, రెండు వేల మూడు మోడలు, దాని మీదుగా లోపలికి పోతూంటే ఏదో నోట్లోకి పోతున్నట్టే అనిపించింది.

లోపల ట్యూబులైట్లు. వాటి కింద కనుచూపు మేర కార్లు. తెల్లవి, వెండిరంగువి, అక్కడక్కడ ఒక ఎర్రది. కారుకీ కారుకీ మధ్య జానెడు సందు. ఒక్కొక్కదాన్నీ బెల్టులతో నేలకి కట్టేశారు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. కోవెలకి వచ్చినవాడిలా నేను చెప్పులు విప్పబోయాను. దాలయ్య నవ్వాడు గానీ వాడి నోరు కూడా తెరుచుకునే ఉంది.

ఒకదాని కింద పడుకుని చూశాను. ఎనిమిదేళ్ల కారట. అడుగు రేకు మీద ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంది. మన ఊళ్లో ఈ ఉప్పుగాలికి ఐదేళ్లకే అడుగు చిల్లులు పడి కాళ్ల మధ్యనుంచి రోడ్డు కనిపిస్తుంది. నేను దాని రేకు నిమురుతూ ఎంతసేపున్నానో తెలియదు. సన్నీ వచ్చి కాలు పట్టి లాగాడు.

ఓడ కంపెనీ వాళ్లు చేతికి తొడుగులు ఇచ్చారు. రాక్షసులకి కుట్టినట్టున్నాయి. దాలయ్య చెయ్యి ఒకటి పెడితే ఇంకొకటి పట్టే చోటుంది. "ఇయ్యి యేసుకుని స్క్రూ ఎలా తిప్పుతాం బావా" అని రోజంతా సణిగాడు.

పని పద్ధతి ఇది. నేను బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేస్తాను, నడుపుతాను. దాలయ్య బెల్టులు విప్పి, ముందు నిలబడి దారి చూపిస్తాడు. వాడి మెడలో విజిల్ ఉంటుంది. పొడుగ్గా ఊదితే రమ్మని, రెండుసార్లు ఊదితే ఆగమని.

మొదటి కారు కదిలించే ముందు దాలయ్య జేబులోంచి నిమ్మకాయలు తీసి ముందు చక్రాల కింద పెట్టాడు. కొత్త బండికి మనవాళ్లందరూ చేసేదే. నిమ్మకాయలు చితికాయి. ఫిలిప్పీన్స్‌నుంచి వచ్చిన చీఫ్ ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. అతని ఇంగ్లీషు సన్నీ మాకు తెలుగు చేశాడు. ఈ కార్లన్నిటినీ కడిగి, మట్టిగానీ ఆకుగానీ గింజగానీ లేదని కాగితం రాసి ఎక్కించారట. పరాయి దేశంలో దించేటప్పుడు టైరుకి నిమ్మగింజ కనిపిస్తే పెద్ద గొడవట.

"తప్పయిపోనాది, మరి పెట్టను" అన్నాడు దాలయ్య. వాడి రెండో జేబు ఇంకా ఉబ్బుగానే ఉంది.

ఫిబ్రవరి 11

ఇరవై ఆరు కార్లు. చెయ్యి ఎత్తలేకపోతున్నాను. సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 12

ఈ కార్ల గొప్పతనం ఇవాళ పూర్తిగా తెలిసింది. చప్పుడే లేదు. తాళం తిప్పితే దీపాలు వెలుగుతాయి, మీటరు ముల్లు లేస్తుంది, ఇంజను తిరుగుతున్న సంగతి స్టీరింగు పట్టుకుంటేగానీ తెలియదు. ఎనిమిదేళ్లు, పదేళ్లు తిరిగిన బండ్లు ఇవి. నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత మెత్తటి ఇంజన్లు వినలేదు. కొన్నిటిలో ఇంజనుతోపాటు మోటారు కూడా ఉంది, హైబ్రిడ్ అంటారు. అవైతే అసలు గాలి కదిలినట్టు కదులుతాయి.

"ఏం పనితనంరా దాలయ్యా, సీమ నడిసినంత సప్పుడు కూడా నేదు" అన్నాను.

దాలయ్య నా మొహం చూశాడు. "ఇది హైబ్రిడ్ కాదు బావా. ఇది డీజిలు."

డీజిలే. అయినా చప్పుడు లేదు. జపాన్ వాళ్ల డీజిలు అలాగే ఉంటుంది కాబోలు.

తాళం తిప్పగానే కారు మాట్లాడుతోందని కూడా దాలయ్య అంటున్నాడు. ఆడగొంతట, సన్నగా, ఎంతో మర్యాదగా ఏదో చెబుతోందట. ప్రతి కారులోనూ. నాకైతే ఏమీ వినబడలేదు. వాడికి చిన్నప్పటినుంచి ఊహలు ఎక్కువ.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం భోజనాల దగ్గర సన్నీని అడిగాను, ఇంత మంచి కార్లు ఎందుకు వదిలేశారని. సన్నీ చీఫ్ ఆఫీసరుని అడిగి వచ్చాడు. నాకు సరిగ్గా అర్థం కావాలని గట్టిగా, దగ్గరగా కూర్చుని చెప్పాడు.

అక్కడ రెండేళ్లకోసారి కారుకి పెద్ద పరీక్ష పెడతారట. బండి పాతబడేకొద్దీ ఆ పరీక్ష గట్టెక్కించే ఖర్చు పెరిగి, దాని బదులు వేరేది కొనుక్కోవడమే నయమనిపిస్తుందట. అలా వదిలేసినవి ఓడెక్కుతాయి. ఆఫ్రికాలో మొంబాసా రేవులో ఎనిమిదేళ్లు దాటినవి దించనివ్వరు. అంతకంటే పాతవి దారెస్సలాం పోతాయి. అక్కడ వాటికి బతుకు మళ్లీ మొదలవుతుంది. ఇంకో పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు తిరుగుతాయి. ఒక దేశంలో ముసలిదైన కారు ఇంకో దేశంలో పెళ్లికొడుకు.

"మరి మన కాడ దింపరేటి?"

"దింపరు అన్నా. మన రూలు వేరు. జపాన్‌లో ఇద్దరు మనుషులకి ఒక కారు ఉంది. మనకి నూరిళ్లు లెక్కెడితే ఏడెనిమిది ఇళ్లకి."

సాయంత్రం ఇంటికొస్తూ మా వీధి లెక్క చూశాను. నలభై ఇళ్లు, కార్లు మూడు, అందులో ఒకటి నా వ్యాను. జపాన్ లెక్కన అయితే, ఇంటికి నలుగురు చొప్పున, ఎనభై కార్లుండాలి. ఆవులు ఎక్కడ పడుకుంటాయో తెలియదు.

మా వ్యానుకి ఇరవై మూడేళ్లు. రెండుసార్లు రిజిస్ట్రేషను పొడిగించుకుంది. ఇప్పటికీ చప్పుడు లేకుండా పోతుంది, నేను చూసుకునే పద్ధతి అది. అక్కడైతే దాన్ని ఎప్పుడో గెంటేసి ఉండేవారు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

పని ఆపలేదు. ఓడకి గడువుంది.

మా ఆవిడ కాంతం ఉపవాసం. ఈమధ్య ఆమె నోరు ఎంతో మంచిదైంది. పెళ్లయిన కొత్తలో రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉండేది, కూర గురించి, కొళాయి గురించి, నా గురించి. రెండు మూడేళ్లుగా అదంతా తగ్గింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. వయసొస్తే మనిషి మెత్తబడుతుంది కాబోలు. నడక కూడా నెమ్మదించింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగుతోంది. కోవెలకి వెళ్దామని నేను కింద వ్యానులో ఎంతసేపు కూర్చున్నానో. హారను కొట్టాను.

ఫిబ్రవరి 16

ఇవాళ ముప్ఫై ఒక్క కార్లు. రేపు రెండో డెక్కు.

ఫిబ్రవరి 17

రాయను.

ఫిబ్రవరి 18

రాస్తాను. రాయకపోతే ఇది నాలోనే కుళ్లిపోతుంది.

నిన్న పొద్దున్న రెండో డెక్కులో మొదటి కారు, తెల్ల హైబ్రిడ్. నేను లోపల కూర్చుని తాళం తిప్పాను. దీపాలు వెలిగాయి. దాలయ్య ముందు నిలబడి విజిల్ పొడుగ్గా ఊదినట్టు బుగ్గలు ఉబ్బించాడు. నేను వింటున్నది విజిల్ కాదు, వాడి బుగ్గలు. వారం రోజులుగా వాడి బుగ్గలు చూసే నడుపుతున్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటేగానీ నాకే తెలియలేదు. తెలుసు. తెలుసు గానీ.

నేను గేరు చూసుకోవడానికి ఒక్క క్షణం తల దించాను. ఆ క్షణంలో చీఫ్ ఆఫీసరు మెట్లు దిగుతూ దాలయ్యకి కనిపించాడు. వాడు చక్రం కింద నిమ్మకాయ పెట్టి ఉన్నాడు. కొత్త డెక్కు కదా, మనసొప్పలేదట. ఆఫీసరు చూసేలోగా తీసేద్దామని విజిల్ రెండుసార్లు ఊది వంగాడు. నేను తలెత్తేసరికి ముందు ఎవరూ లేరు. రమ్మని ఊదేశాడు కదా, పక్కకి తప్పుకున్నాడనుకుని బ్రేకు వదిలాను.

కారు గాలిలా కదిలింది. వాడికి కూడా చప్పుడు వినబడలేదు. ఆ కారుకి నిజంగానే చప్పుడు లేదు.

తర్వాత సన్నీ బానెట్ మీద రెండు చేతులతో బాదుతుంటే ఆపాను. దిగి చూశాను. చక్రం కింద దాలయ్య చేతి తొడుగు ఉంది. ఐదు వేళ్లూ పరుచుకుని, చదునుగా, నిమ్మరసంతో తడిసి. కారు పట్టుకుని కింద కూర్చున్నాను.

తొడుగులో చెయ్యి లేదు. పెద్ద తొడుగు కదా, వెనక్కి లాగితే ఊడి వచ్చేసిందట. దాలయ్య రెండడుగుల దూరంలో వెల్లకిలా పడి, ఉత్త చెయ్యిని మొహం ముందు పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆ వేళ్లతోనే డాక్టరు గదిలో నాకు అంకెలు చూపించాడు.

"నాను ఊదినాను బావా. రెండుమాట్లు ఊదినాను. ఆగు బావా అని అరిసినాను కూడా" అన్నాడు. వాడి పెదాల మీద చదివాను. గొంతు నా దాకా రాలేదు.

చీఫ్ ఆఫీసరు నిమ్మకాయ చూసి దాలయ్య మీద ఎగిరాడు. తప్పంతా నిమ్మకాయ మీదికి పోయింది. దాలయ్య తల వంచుకుని తిట్లు తిన్నాడు. నా సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సాయంత్రం దాకా అలాగే పని చేశాం. ఇంటికొచ్చి అన్నం తిన్నాను కూడా. సిగ్గు లేదు నాకు.

ఫిబ్రవరి 19

పొద్దున్నే సన్నీ దగ్గరికి వెళ్లి పాసు బల్ల మీద పెట్టాను.

"తప్పు నిమ్మకాయది కాదు. నాకు ఇనబడదు. మూడేళ్లయినాది. మెడికల్లో దాలయ్య సేతి ఏళ్లు సూపిత్తే సెప్పీసినాను. ఆడినేటీ అనకు, నానే ఆడిసేత సేయించినాను."

ఆఖరి మాట అబద్ధం. అదొక్కటే.

సన్నీ పాసు తీసుకున్నాడు. నా మొహానికి ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. "మొదటి రోజే అనుమానం వచ్చింది అన్నా. నువ్వు నా నోరు తప్ప ఇంకేటీ సూడవు. కాని నువ్వు చెవి సూరివి. నీకు సెవుడని ఎలా అనుకుంటాం?"

రేపటినుంచి దాలయ్య నడుపుతాడు, మధురవాడనుంచి ఇంకొక కుర్రాడు దారి చూపిస్తాడు. నేను ఇంటికి.

ఓడ దిగేముందు ఒక్కసారి ఆ డెక్కు చివరిదాకా నడిచాను. కార్లన్నీ అలాగే ఒకే వైపు చూస్తున్నాయి. అక్కడ పనికిరావన్నారు, ఇంకెక్కడికో పోతున్నాయి. వాటికి ఆ సంగతి తెలియదు. నాకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

ఫిబ్రవరి 21

చెవుల డాక్టరు. కాంతం నాతో వచ్చింది. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఈసారి హారను కొట్టలేదు.

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడితే బటన్ నొక్కమన్నారు. నేను నొక్కని చోటల్లా కాగితం మీద గీత కిందికి జారింది. ముప్ఫై ఏళ్లు ఇంజన్ల మీద చెవి పెట్టినందువల్లేనట చాలామటుకు. సన్నటి శబ్దాలు ముందు పోయాయి. పక్షులు, విజిళ్లు, ఆడవాళ్ల గొంతులు.

చెవికి మిషను పెట్టుకోవాలి. వచ్చే శుక్రవారం.

ఫిబ్రవరి 24

ఓడ వెళ్లిపోయింది. బీచ్ రోడ్డు మీద నిలబడి నేనూ దాలయ్యా చూశాం. అంత గోడ నీళ్ల మీద అంత నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా జరిగిపోతుంటే చూడడానికి రెండు కళ్లూ చాలలేదు. మూడు వేల కార్లున్నాయి అందులో. రెండు వందల పన్నెండు నా చేత్తో బతికినవి. మా వీధి లాంటిదే, నలభై ఇళ్లకి ఒక్క కారూ లేని వీధి ఆఫ్రికాలో ఒకటి ఉండి ఉంటుంది. అందులో మొదటి కారు వీటిలో ఒకటి అవుతుంది. పిల్లలందరూ దాని చుట్టూ చేరతారు.

"కూత ఏసింది బావా" అన్నాడు దాలయ్య. నాకు వినబడలేదు గానీ రొమ్ములో అదిరింది.

ఆ కార్లు ఏం మాట్లాడేవో అడిగాను. "ఏమో మరి, మనకి జపాన్ బాస రాదు కదా" అన్నాడు. "కానీ ప్రతీసారీ సెప్పీది. ఎవులూ జవాబు సెప్పకపోయినా సెప్పీది."

ఫిబ్రవరి 27, శుక్రవారం

మిషను పెట్టారు. శనగగింజంత.

డాక్టరు చేతిలో కాగితం నలిగింది. ఉలిక్కిపడ్డాను. నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా ఉంది. రోడ్డు మీద ఆటోలు, పళ్ల బండి మైకు, వేపచెట్టు మీద ఏదో పిట్ట. ఇంత చప్పుడు ఉంది లోకంలో. మూడేళ్లు ఇదంతా నేను లేకుండానే జరిగిపోయింది.

షాపు దగ్గర వ్యాను స్టార్ట్ చేశాను. బకెట్లో బోల్టులు పోసి తిప్పినట్టు మోత. ఆపేశాను. దాలయ్య గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు.

"ఇది ఎన్నాల్లనించిరా?"

"మూడేళ్లు. నువ్వు తెలిసే ఒగ్గీసినావనుకున్నాం. చెవి సూరికి ఎవుడు సెప్తాడు?"

మళ్లీ స్టార్ట్ చేసి కళ్లు మూసుకున్నాను. టాపెట్లు. రెండో సిలిండరులో వాల్వులు తెరిచేవి, వదులయ్యాయి. తెలిసిపోయింది. చెవి పోయింది గానీ విన్నదాన్ని పోల్చుకునేది పోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాలయ్య చూడకుండా తుడుచుకున్నాను. రేపు పొద్దున్నే టాపెట్లు సరిచేద్దామన్నాను.

ఇంటికి వచ్చి మేడ ఎక్కాను. వంటింట్లో కాంతం అటు తిరిగి పప్పు తిప్పుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. మెల్లగా, సన్నగా. ఎవరొచ్చారా అని చూశాను. ఎవరూ లేరు. నాతోనే. నా అడుగులు విని మొదలుపెట్టింది.

"మోకాలు ఇయ్యాల మరీ పీకేత్తంది మావా. మెట్టు దిగితే పేణం పోతంది. నూనె రాసుకున్నాను, తగ్గనేదు. కొలాయి నీల్లు రానేదు. పప్పులోకి సింతపండు పాతదే ఏసినాను."

జవాబు కోసం ఎక్కడా ఆగలేదు. ఆగడం మానేసి చాలా కాలమైనట్టుంది.

"ఏ మోకాలు?" అన్నాను.

గరిటె ఆగింది. కాంతం ఇటు తిరగలేదు.

"ఎడంది" అంది.

"ఎన్నాల్లనించి?"

"మూడేల్లు. దినామూ సెప్తన్నాను."

నేను స్టవ్ ఆపాను. ఆమెని పీట మీద కూర్చోబెట్టాను. ఎడమ మోకాలు కుడిదానికంటే రెట్టింపు వాచి ఉంది. అరచెయ్యి పెట్టి చూస్తే వేడిగా తగిలింది. వీధి మలుపు తిరుగుతున్న బండి రోగం షాపులోంచి చెప్పినవాణ్ని.

ఆమె నోరు మంచిదైందని ఈ డైరీలోనే రాశాను, పదిహేనో తారీకు పేజీలో. కొట్టెయ్యలేదు, ఉండనీ.

టాపెట్లు ఎల్లుండి చూసుకోవచ్చు. రేపు పొద్దున్న కాంతాన్ని డాక్టరుకి చూపించాలి. వ్యాను మోత భరించలేను, ఆటోలో వెళ్తాం. దారిలో ఆమె ఏమంటుందో వినాలి.